రికార్డు గాడిలో పూడికతీత: ఎల్‌పీలు, లక్క రికార్డులు ఇంట్లో కడిగి కాపాడుకునే పద్ధతి

అటక మీద నుంచి దించిన ఎల్‌పీ (లాంగ్ ప్లే, వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన రికార్డు) మీద దుమ్ము కనిపించగానే చేయి భుజం మీది తువ్వాలు కోసం పోతుంది. ముందు ఆ చేతిని ఆపాలి. పాట ఉన్నది రికార్డు మీద చుట్టలుగా కోసిన సన్నటి గాడి గోడల మీద. ఎల్‌పీ గాడి వెడల్పు సుమారు 0.05 మిల్లీమీటర్లు, తలవెంట్రుక కంటే సన్నం. 20 నిమిషాల పాటలున్న ఒక పక్కన ఆ గాడిని సాగదీస్తే 400 మీటర్లు దాటుతుంది. పొడి తువ్వాలుతో తుడిస్తే పైనున్న దుమ్ము కొంత గుడ్డకు అంటుతుంది, మిగతాది గాడిలోకి దిగబడుతుంది. ఆ తర్వాత పాట పెట్టినప్పుడల్లా ప్లేయర్ వజ్రపు ముల్లు దాన్ని గోడలకేసి నూరుతూ పోతుంది.

ఓరుగల్లు చుట్టుపక్కల చెరువుల్లో పూడికతీత చూసినవాళ్ళకు ఈ పని కిటుకు చెప్పక్కర్లేదు. మట్టిని కదిలిస్తే చాలదు, ఎత్తి గట్టు దాటించాలి. రికార్డు కడిగేవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మంచి ద్రావణం పోస్తారు, ఓపికగా రుద్దుతారు, మురికి కరుగుతుంది. ఆ మురికినీళ్ళను మాత్రం రికార్డు మీదే ఆరనిస్తారు. ఆరాక ఆ మట్టి గాడి అడుగున గట్టిపడి కూచుంటుంది. కడిగాక చిటపటలు పెరిగాయని ఎవరైనా అంటే తొంభై పాళ్ళు కారణం అదే.

మన వైపు దుమ్ము కూడా ఒకేరకం కాదు. పత్తి సీజన్లో ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లో గాలిలో సన్నటి నూగు ఎగురుతుంది. అది ముల్లుకు చుట్టుకుంటుంది గానీ రికార్డును కోయదు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల వైపు నుంచి వచ్చే పొడి అలా కాదు. అందులో క్వార్ట్జ్ ఉంటుంది, మామూలు ఉక్కు కంటే గట్టిది. గోదావరిఖని, భూపాలపల్లి వైపు బొగ్గు పొడి జిడ్డుతో కలిసి నల్లటి రికార్డు మీద కంటికే కనిపించదు. అందుకని చూపుకు శుభ్రంగా ఉంది కదా అని మొదటిసారి కడగడం మానొద్దు.

ముందు ఏ రికార్డో తేల్చుకోండి

ఇది తేల్చకుండా సీసా మూత తీయొద్దు. 1948లో వినైల్ ఎల్‌పీ వచ్చేదాకా రికార్డులంటే ప్రధానంగా లక్కతో చేసినవే. మన దేశంలో లక్క రికార్డులు 1960ల చివరిదాకా తయారయ్యాయి కాబట్టి పాత పద్యాలు, హరికథలు, అప్పటి సినిమా పాటలు చాలావరకు వాటి మీదే దొరుకుతాయి. లక్క గాజుల్లో ఉండే లక్కే ఇది, రాతిపొడి కలిపి అచ్చుపోసినది. ఆల్కహాల్ తగిలితే కరుగుతుంది. వినైల్‌కు పనికొచ్చే, ఆల్కహాల్ కలిపిన ద్రావణం ఉంచితే లక్క రికార్డు నిగారింపు పోయి, గాడి మెత్తబడి, పాట శాశ్వతంగా పోవచ్చు.

గుర్తుపట్టడానికి లేబుల్ మీద వేగం చూడండి. 78 (నిమిషానికి 78 చుట్లు) అని ఉంటే లక్క అనుకునే నడవండి. లేబుల్ చిరిగిపోయి ఉంటే రికార్డును మధ్య రంధ్రంలో వేలు పెట్టి పట్టుకుని అంచు మీద గోటితో మెల్లగా తట్టండి. లక్కది పింగాణీ పళ్ళెంలా టంగుమంటుంది, వినైల్‌ది మొద్దుగా పలుకుతుంది. లక్కది బరువు, వంగదు, చేయి జారితే పలక పగిలినట్టు పగులుతుంది. సైజును నమ్మొద్దు. 10 అంగుళాలవి ఎక్కువగా 78లే అయినా ఆ సైజులో వినైల్ ఎల్‌పీలు కూడా వచ్చాయి.

మూడో రకం అరుదుగా తగులుతుంది: అల్యూమినియం పళ్ళెం మీద నల్లటి పూత పూసి, ఒక్క ప్రతిగా కోసినవి. అంచు దగ్గర లోహం కనిపిస్తుంది, లేబుల్ మీద చేతిరాత ఉంటుంది. ఆ పూత నీళ్ళకు కూడా లేచిపోవచ్చు. వాటిని కడగకండి, పొడిగా కవరులో పెట్టి పాత రికార్డుల పని తెలిసినవాళ్ళకే చూపించండి.

నీళ్ళు

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది నీళ్ళే. ఉత్తర తెలంగాణలో బోరు నీళ్ళు చాలాచోట్ల కఠినం. నీళ్ళు కాచే హీటర్ రాడ్ మీద పేరుకునే తెల్లటి పొర చూశారు కదా, బోరు నీళ్ళతో కడిగిన ప్రతి గాడిలోనూ అదే సుద్ద పడుతుంది. ఆర్‌ఓ నీళ్ళు కూడా పనికిరావు, రుచి కోసం వాటిలో లవణాలు మిగిల్చి ఉంచుతారు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు స్వేదనజలమేనని కొందరంటారు. లవణాలు తక్కువన్నది నిజమే, కానీ అవి ఏసీ లోపలి దుమ్మునూ బూజునూ కడుక్కుంటూ వస్తాయి.

బ్యాటరీ షాపుల్లో, పెట్రోల్ బంకుల్లో దొరికే సీలు వేసిన డిస్టిల్డ్ వాటర్ కొనండి. అక్కడే బ్యాటరీ యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ రెండుసార్లు చదవండి. తెచ్చాక ఒక పరీక్ష: శుభ్రమైన అద్దం మీద నాలుగైదు చుక్కలు వేసి ఆరనివ్వండి. తెల్లటి వలయం మిగిలితే ఆ డబ్బాను బ్యాటరీకే వాడుకోండి. ఆర్‌ఓ మెకానిక్‌ల దగ్గర ఉండే, నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు దొరికితే 5 లోపు చూపించాలి.

ద్రావణం

వినైల్ కోసం ఒక లీటరు: డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., రంగూ వాసనా లేని గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. మీ దగ్గర 70 శాతం ఆల్కహాల్ ఉంటే అది 145 మి.లీ., నీళ్ళు 855. లిక్విడ్ రెండు చుక్కలంటే రెండే. దాని పని మురికిని కరిగించడం కాదు, నీళ్ళ బిగువు తగ్గించి గాడి అడుగుదాకా దింపడం. అది లేకుండా పోసిన నీళ్ళు తామరాకు మీద లాగా ముత్యాలై నిలబడతాయి. ఎక్కువైతే సబ్బు పొర మిగిలి, పాట పెట్టినప్పుడు ముల్లు కొసన తెల్లటి జిగురులా చేరుతుంది.

మామూలు దుమ్ముకు ఆల్కహాల్ అవసరమే లేదు. వేలిముద్రల జిడ్డు, దేవుడి గది అగరుబత్తి పొగ, వంటింటి తాలింపు ఆవిరి పట్టిన రికార్డులకు, బూజుకు అది కావాలి. ఇది త్వరగా మండే పదార్థం కాబట్టి దీపం, స్టవ్ ఉన్నచోట కలపకండి.

సర్జికల్ స్పిరిట్, శానిటైజర్, కొలిన్ లాంటి అద్దాల స్ప్రే, థిన్నర్, పెట్రోలు, కిరోసిన్ వద్దు. థిన్నర్ వినైల్‌నే తింటుంది, శానిటైజర్‌లో ఉండే గ్లిజరిన్ గాడిలో జిగటగా మిగులుతుంది. కొబ్బరి నూనె రాస్తే రికార్డు కొత్తదానిలా నిగనిగలాడుతుంది, దాంతో ఆ రోజు నుంచి ప్రతి ధూళికణం దానికి అతుక్కుంటుంది. పాత సామాన్ల దుకాణంలో మరీ మెరిసిపోతున్న రికార్డు కనిపిస్తే అంచు మీద వేలు రాసి చూడండి.

సామాను

ఒక అంగుళంన్నర లేదా రెండంగుళాల మెత్తటి కుచ్చు పెయింట్ బ్రష్‌లు రెండు, ఒకటి ద్రావణానికి, ఒకటి జాడించడానికి. కుచ్చును పట్టి ఉంచే రేకు రికార్డుకు తగిలితే గీత పడుతుంది కాబట్టి దాని చుట్టూ ఇన్సులేషన్ టేప్ రెండు చుట్లు వేయండి. కొత్త మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, ఫ్యాబ్రిక్ కండిషనర్ లేకుండా ఒకసారి ఉతికినవి. నూలు తువ్వాలు, పాత పంచె వద్దు, పోగులు వదులుతాయి. సూది తీసేసిన 10 మి.లీ. సిరంజి కొలతకు బాగుంటుంది. ఆరబెట్టడానికి స్టీలు పళ్ళేల స్టాండు, దాని చువ్వలకు గుడ్డ పేలికలు చుట్టండి. కార్బన్ ఫైబర్ బ్రష్ ఒకటి ఆన్‌లైన్లో తెప్పించుకోండి, రోజువారీ పనంతా దానిదే.

కడగడానికి రికార్డ్ ప్లేయర్‌ను వాడొద్దు. మోటారు లోపలికి ద్రావణం దిగుతుంది, ఇరుసు మీద బరువు పడుతుంది. డైనింగ్ టేబుల్ మీద మడతపెట్టిన శుభ్రమైన తువ్వాలు, దాని పైన ఒక మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

కడిగే వరస

1. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, కిటికీ మూయండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. రికార్డును అంచులూ లేబులూ తప్ప ఎక్కడా ముట్టుకోవద్దు.

2. పొడి దుమ్మును ముందు తీసేయండి. కార్బన్ ఫైబర్ బ్రష్‌ను గాడికి అడ్డంగా ఆనించి, రికార్డును మెల్లగా రెండు చుట్లు తిప్పి, బ్రష్‌ను అంచు వైపు జరుపుతూ ఎత్తండి. ఈ మెట్టు దాటేస్తే పొడి కాస్తా బురద అవుతుంది.

3. లేబుల్‌ను కాపాడండి. ఎల్‌పీ లేబుల్ వ్యాసం సుమారు 10 సెం.మీ. అంతే వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బా మూతను బోర్లించి, ఒక చేత్తో అదిమి ఉంచితే సరిపోతుంది. పాత లేబుళ్ళ సిరా నీటికి కరుగుతుంది, ఒక్క చుక్క పడినా మరక మిగిలిపోతుంది.

4. సిరంజితో 8 నుంచి 10 మి.లీ. ద్రావణాన్ని గాడుల మీద వలయంగా వేసి, బ్రష్‌తో పరిచి, ఒక నిమిషం ఆగండి. ఎండిన మురికి నానడానికి ఆ నిమిషం కావాలి. జిడ్డు ఎక్కువుంటే మూడు నిమిషాలు ఆగొచ్చు, ఈలోగా ఆరిపోతున్న చోట మళ్ళీ తడపండి. మే నెలలో ఓరుగల్లులో అది చూస్తుండగానే ఆరిపోతుంది, అందుకే వేసవిలో ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి.

5. బ్రష్‌ను గాడి వెంట నడపండి, కుడికి ఆరు చుట్లు, ఎడమకు ఆరు చుట్లు. అడ్డంగా రుద్దొద్దు. బరువు వేయొద్దు, కుచ్చు కొసలు మాత్రమే గాడిలో దిగాలి.

6. ఇక అసలు పూడికతీత. మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు వేసి, గాడి వెంటే మెల్లగా అద్దుతూ నీళ్ళను పీల్చండి. ఒక చుట్టు అయ్యాక మడత మార్చండి. గుడ్డ మీద బూడిదరంగు చార కనిపిస్తే పని జరుగుతున్నట్టు.

7. మరో 10 మి.లీ. వట్టి డిస్టిల్డ్ వాటర్ వేసి, రెండో బ్రష్‌తో మూడు నాలుగు చుట్లు తిప్పి, రెండో గుడ్డతో పీల్చండి. ఆ గుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే మెట్టు మళ్ళీ చేయండి. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళ మైకుసెట్ల దగ్గర తిరిగిన రికార్డులకు నాలుగుసార్లు పట్టడం మామూలే.

8. రెండో పక్కకు తిప్పే ముందు కింద ఉన్న గుడ్డ మార్చండి. తడిసిన పాత గుడ్డ మీద కడిగిన పక్కను బోర్లిస్తే చేసిన పనంతా వృథా.

9. స్టాండులో నిలబెట్టి గంటసేపు ఆరనివ్వండి, వానాకాలంలో రెండు గంటలు. ఫ్యాన్ వేయొద్దు, ఎండలో పెట్టొద్దు, హెయిర్ డ్రయ్యర్ దగ్గరికి తేవొద్దు. సగం తడితో కవరులోకి పోయిన రికార్డు వారంలో బూజు పడుతుంది.

10. కొత్త లోపలి కవరులో పెట్టండి. కడిగిన రికార్డును పాత కాగితం కవరులోకి తిరిగి తోస్తే ఆ దుమ్మంతా మళ్ళీ ఎక్కుతుంది. కవరు మూలన కడిగిన నెల, సంవత్సరం పెన్సిల్‌తో రాసుకోండి.

మొదటిసారి పాట పెట్టినప్పుడు ముల్లు కొసన కొంచెం నూగు చేరితే కంగారు పడకండి. నానిన మురికిలో చివరి భాగం అది. ముల్లు శుభ్రం చేసి మళ్ళీ పెట్టండి, రెండోసారి నిశ్శబ్దంగా ఉంటుంది. చిటపటలు ప్రతి చుట్టుకూ ఒకే లయలో వస్తుంటే మాత్రం అది మురికి కాదు, గీత. దాన్ని కడిగి పోగొట్టలేరు. ముల్లు ఒకేచోట ఇరుక్కుంటే దాన్ని మోసే చేయి, అంటే టోన్ ఆర్మ్ మీద రూపాయి బిళ్ళ పెట్టే అలవాటు కొందరికుంది. అది ఆ ఒక్క చోటు దాటిస్తుంది గానీ మిగతా పాటంతా అరగదీస్తుంది.

తెల్ల జిగురు పూసి, ఆరాక పొరలా ఊడదీసే పద్ధతి గురించి కూడా మీరు వినే ఉంటారు. పొర అంతటా ఒకే మందంగా పడితే వినైల్ మీద పనిచేస్తుంది. ఎక్కడైనా పలచబడితే అక్కడ జిగురు ముక్క గాడిలోనే ఉండిపోతుంది, దాన్ని తీయడం మురికిని తీయడం కంటే కష్టం. ఎలాగూ పోయిందనుకున్న రికార్డు మీద తప్ప మేం చేయమని చెప్పం. లక్క రికార్డు మీద అసలే వద్దు.

లక్క రికార్డులకు మార్పులు

వరస అదే, ఆల్కహాల్ లేదు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో లిక్విడ్ రెండు చుక్కలు, అంతే. నానబెట్టొద్దు, వేసిన నిమిషంలోపే పీల్చేయాలి. అంచు దగ్గర పెచ్చులూడినా వెంట్రుక పగులున్నా నీళ్ళు లోపలికి దిగుతాయి, ఆ చోటును తడి గుడ్డతో అద్ది వదిలేయండి. కొన్ని కంపెనీల రికార్డుల నడుమ కాగితం పొర ఉంటుంది, అది తడిసి ఉబ్బితే పైపొర లేచిపోతుంది. నీళ్ళు గోరువెచ్చగా కూడా వద్దు, గది వేడి చాలు. చేతులు తడిగా ఉన్నప్పుడు ఎత్తొద్దు, ఎక్కువ పగిలేవి అప్పుడే.

బూజు

జులై నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి నాలుగైదు రికార్డులు తీసి దీపం వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడండి. దుమ్ము చెదురుగా ఉంటుంది, బూజు గుండ్రటి మచ్చలుగానో సాలెగూడు కొమ్మలుగానో ఉంటుంది. కనిపించగానే దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, మూతికి మాస్కు కట్టుకుని, ఇంటి బయట గాలి లేని చోట దులపండి. వినైల్ అయితే ఆల్కహాల్ 20 శాతానికి పెంచి రెండుసార్లు కడగండి. లోపలి కవరు పారేయండి. అట్ట కవరు దాచుకోదగిందే కాబట్టి పొడిగుడ్డతో తుడిచి, నీడలో రెండు రోజులు తెరిచి ఆరబెట్టండి. చిరిగిన అట్టకు సెల్లోటేప్ వేయొద్దు, కొన్నేళ్ళకు పసుపెక్కి బొమ్మను తినేస్తుంది. మైదా జిగురు వేస్తే పురుగులకు విందు.

ముల్లు

మెత్తటి చిన్న బ్రష్‌తో వెనక నుంచి ముందుకు మాత్రమే తుడవాలి, అంటే రికార్డు తిరిగే దిశలోనే. పక్కలకు తుడిస్తే ముల్లును మోసే సన్నటి కడ్డీ విరుగుతుంది. ఆల్కహాల్ వాడితే బ్రష్ కొసకు ఒక్క తడి చాలు, ఎక్కువైతే వజ్రాన్ని పట్టి ఉంచే జిగురు వదులవుతుంది. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే 10 రెట్ల భూతద్దంతో అప్పుడప్పుడు చూడండి.

రికార్డు మీద ముల్లు మోపే బరువు విషయంలో తక్కువైతే మంచిదన్న భ్రమ ఉంది. ముల్లు అమరి ఉండే ఇప్పటి కార్ట్రిడ్జ్‌లకు చాలావరకు 1.5 నుంచి 2.5 గ్రాములు కావాలి, కచ్చితమైన అంకె కంపెనీ కాగితంలో ఉంటుంది. అంతకన్నా తక్కువ పెడితే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి గోడలను గుద్దుతుంది, ఆ దెబ్బ బరువు కొంచెం ఎక్కువైనదానికంటే చెడ్డది. 0.01 గ్రాము చూపే బంగారం తూచే చిన్న డిజిటల్ కాటాతో కొలవొచ్చు. వజ్రపు ముల్లును 500 నుంచి 1,000 గంటలకు మార్చాలి. పాత సూట్‌కేస్ ప్లేయర్లలో ఉండే నీలం రాయి ముల్లు ఇంకా చాలా త్వరగా అరుగుతుంది.

78లకు ముల్లు వేరు, దాని కొస ఎల్‌పీ ముల్లు కంటే సుమారు నాలుగు రెట్లు లావు. పాత ప్లేయర్లలో దాన్ని తిప్పే చిన్న మీట ఉంటుంది, పాట పెట్టే ముందు అది ఎటుందో చూడండి. లావు ముల్లు ఎల్‌పీ మీద ఒక్కసారి నడిచినా గాడి పాడవుతుంది. తాళం తిప్పే గ్రామఫోన్‌లో స్టీలు ముల్లును ఒక్క పక్కకే వాడి పారేయాలి, వినైల్ రికార్డును దాని మీద ఎప్పుడూ పెట్టకూడదు.

పెట్టే చోటు

స్లాబు కింది అటక అన్నిటికంటే చెడ్డ చోటు. ఏప్రిల్, మే నెలల్లో స్లాబు పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. వినైల్ 60 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, వాలి నిలబడ్డదైతే అంతకన్నా ముందే వంగుతుంది. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలు చాలు. పడమటి గోడ వద్దు, వానకు చెమ్మగిల్లే గోడ వద్దు. మిగతా గోడలకు కూడా 5 సెం.మీ. ఎడం ఇవ్వండి, చెదలు గోడ పట్టుకునే వస్తాయి.

నిటారుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. అర లోపలి ఎత్తు 34 సెం.మీ., లోతు 33 సెం.మీ. ఉండాలి, ప్రతి 35 సెం.మీ.కు అడ్డు పలక ఉండాలి. అట్టలతో కలిపి వంద ఎల్‌పీలు 25 కిలోల దాకా తూగుతాయి, సన్నటి పార్టికల్ బోర్డు ఏడాదిలో కిందికి వంగుతుంది. గోడలో దింపిన కడప బండ అర ఉంటే అంతకు మించింది లేదు. మెత్తటి పీవీసీ కవర్లు మానండి, ఆ ప్లాస్టిక్ విడిచే నూనె రికార్డు మీద పొగమంచులా పడుతుంది, ఎంత కడిగినా పోదు. లోపలికి హెచ్‌డీపీఈ (ఒక రకం పాలిథిన్), బయటికి పాలీప్రొపిలిన్ కవర్లు వాడండి. నాఫ్తలీన్ ఉండలు పెట్టొద్దు. ఎండు వేపాకూ వద్దు, అది పొడై గాడిలోకే చేరుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు అరలో పెట్టి 60 శాతం దాటకుండా చూసుకుంటే చాలు.

వంగిన రికార్డును రెండు 8 మి.మీ. అద్దాల మధ్య, పైన 5 కిలోల బరువు పెట్టి, గది వేడిలోనే రెండు మూడు వారాలు ఉంచండి. కొద్దిపాటి గిన్నె వంపు కొంత తగ్గుతుంది. ముందు రికార్డునూ అద్దాలనూ మచ్చలేకుండా తుడవాలి, నడుమ ఒక్క ఇసుక రేణువున్నా గాడిలో అచ్చు పడుతుంది. ఆ అద్దాలను ఎండలో పెట్టే ఆలోచన చేయొద్దు.

మళ్ళీ దొరకని రికార్డు చేతికి వస్తే, కడిగాక వినే మొదటిసారే కంప్యూటర్లోకి ఎక్కించండి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, డబ్ల్యూఏవీ ఫైలు. చిటపటలు తీసే సాఫ్ట్‌వేర్‌ను మూలప్రతి మీద వాడొద్దు, నకలు మీద వాడండి. లేబుల్ మీది కేటలాగ్ నంబరూ, పాట అయిపోయాక మిగిలే నున్నటి భాగంలో చెక్కి ఉండే నంబరూ ఫైలు పేరులోనే రాయండి. అట్ట పోయినా, లేబుల్ చెరిగినా ఆ రెండో నంబరును బట్టి రికార్డు ఏదో పట్టుకోవచ్చు.